తిథి అన్నయ్యది, తేదీ తమ్ముడిది

ప్రశ్న: అమ్మా, నమస్తే. నాకు 32 ఏళ్లు. హైదరాబాద్‌లో బ్యాంకులో పనిచేస్తాను. మాది దివిసీమ, నాగాయలంక దగ్గర ఒక ఊరు. 1977 ఉప్పెనలో మా తాతయ్య, నాయనమ్మ, ఆరేళ్ల మేనత్త పోయారు. ముగ్గురిలో ఒక్కరి శరీరం కూడా దొరకలేదు. నాన్నకు అప్పుడు పదకొండేళ్లు. తాడిచెట్టు పట్టుకుని బతికాడు. బాబాయి ఆ రోజు గుడివాడలో వాళ్ల అమ్మమ్మ గారింట్లో ఉండబట్టి మిగిలాడు. తర్వాత ఒక మిషన్ హాస్టల్లో చదువుకుని, పెద్దయ్యాక క్రైస్తవుడయ్యాడు. నాన్న ఏటా కార్తీకంలో తిథి చూసుకుని పెద్దలకు పెడతాడు. బాబాయి నవంబరు 19న ఇంట్లో ప్రార్థన పెట్టిస్తాడు. ఒకరి దానికి ఒకరు వెళ్లరు. బాబాయి అది దేవుడి తీర్పు అంటాడు. మా ఊరి పెద్దవాళ్లు కర్మ అంటారు. రెండూ వింటే నాకు ఒళ్లు మండుతుంది. నాకు ఏ దేవుడి మీదా నమ్మకం లేదు. పోయిన కార్తీకంలో నాన్న "ఆ దేవుడే నన్ను చెట్టు మీద పెట్టాడు" అంటే, "మరి నాయనమ్మను ఎందుకు పెట్టలేదు?" అన్నాను. నాన్న విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. తమ్ముడు కెనడాలో ఉంటాడు, వాడికి ఇవేవీ పట్టవు. "నా తర్వాత నువ్వు చేస్తావా?" అని నాన్న నన్నే అడుగుతున్నాడు. 2027కి యాభై ఏళ్లు నిండుతాయి. నమ్మకం లేకుండా చేస్తే నాటకం కాదా? చేయకపోతే ద్రోహం చేసినట్టా?

సమాధానం:

అమ్మా, విస్తరి ముందు నుంచి లేచిపోయిన మీ నాన్నగారి దగ్గరే మొదలుపెడతాను. మిగతావన్నీ మీరు ప్రశ్నలుగా అడిగారు, దీన్ని మాత్రం అడగలేదు. కానీ మీకు నిద్ర పట్టనివ్వనిది ఇదేనని నాకు అనిపించింది.

మీరు వేసిన ప్రశ్న ఆయనకు కొత్తది కాదు. నీళ్లు తీసిన తర్వాత చెట్టు దిగిన పదకొండేళ్ల పిల్లవాడు మొదట అడిగి ఉండేది అదే. అమ్మ ఏది, చెల్లెలు ఏది, నేనే ఎందుకు ఉన్నాను? ఇన్నేళ్లుగా ఆ ప్రశ్నతోనే ఆయన పెళ్లి చేసుకున్నారు, పొలం చేశారు, మిమ్మల్ని బ్యాంకు ఉద్యోగం దాకా చదివించారు. "దేవుడు నన్ను చెట్టు మీద పెట్టాడు" అన్న మాటతో ఆయన దేవుడి గురించి వాదనేమీ పెట్టలేదు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్లూ బతికారు. అప్పుడు తాడిచెట్టు ఎలాగో తర్వాత ఆ మాట అలాగ. మీరు దాన్ని లాగేసరికి ఆయన లేచిపోయారు.

అలాగని మీ ప్రశ్న తప్పని చెప్పను. అది అడిగిన సమయం తప్పు. నాయనమ్మకు విస్తరి వేసిన రోజున, అన్నం కలుపుకుంటున్న మనిషిని అడిగారు. వెళ్లి, "నాన్నా, ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది" అని చెప్పండి. ప్రశ్నను వెనక్కి తీసుకోనక్కరలేదు. ఆయన కూడా మీ నుంచి అది కోరుకోరని నా నమ్మకం.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మాది బందరు. 1977లో నేను ఇంటర్ చదువుతున్నాను. మా పిన్నిని కోడూరు వైపు ఇచ్చారు. పెళ్లయి రెండేళ్లు. నవంబరు 19 శనివారం. దీపావళి వెళ్లి పట్టుమని పది రోజులు కాలేదు. పిన్ని పండక్కి వచ్చి, ఇంకో వారం ఉండమన్నా వినకుండా వెళ్లిపోయింది. తర్వాత మా మామయ్యలు వారం రోజులు వెతికారు. ఏమీ దొరకలేదు. అమ్మ ఆ తర్వాత గుడికి వెళ్లడం మానేసింది. కార్తీక దీపాలు వదలడం మానేసింది. సోమవారాలు ఉపవాసాలు మానేసింది. నాన్న ఏమీ అనలేదు.

కానీ ప్రతి కార్తీకంలో ఒక రోజు అమ్మ చేగోడీలు చేసేది. పండగ కాదు, చుట్టాలు రారు. మధ్యాహ్నం పూట ఒక్కతే కూర్చుని ఇంత పళ్లెం నిండా చేసి, ఇరుగు పొరుగు పిల్లలందరినీ పిలిచి పెట్టేది. తను ఒక్కటి కూడా నోట్లో వేసుకునేది కాదు. అమ్మ పోయాక పెద్దమ్మ చెప్పింది, చేగోడీలంటే పిన్నికి ప్రాణమని, ఆ రోజు పిన్ని తిథి అని. ముప్పై ఏళ్లు ఆ చేగోడీలు తిన్నాను. పాతికేళ్లు స్కూల్లో చరిత్ర పాఠం చెప్పాను. మా అమ్మను ఒక్కసారి కూడా "ఎందుకమ్మా ఇవాళ?" అని అడగలేదు. దేవుడి మీద అలిగిన మనిషి తిథి మర్చిపోలేదు. మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నాకు ఆ నూనె మూకుడే కళ్లలో మెదిలింది.

అందుకే "నమ్మకం లేకుండా చేస్తే నాటకం కాదా?" అన్న ప్రశ్నకు నా జవాబు: కాదు. ఆ మాటలనే కాస్త విప్పి చూడండి. తద్దినం అంటే తత్ దినం. ఆ రోజు. అంతే. విసుగొస్తే "ఇదెక్కడి తద్దినం" అని దాన్ని తిట్టుగా మార్చుకున్నాం గానీ, మాటలో ఉన్నది 'ఆ రోజు' ఒక్కటే. ఇక శ్రాద్ధం అన్న పేరు శ్రద్ధ నుంచి వచ్చింది. సంస్కృతంలో శ్రద్ధ అంటే విశ్వాసం అని కూడా అర్థం ఉంది. తెలుగులో మాత్రం మనం దాన్ని ఎలా వాడతాం? "శ్రద్ధగా చదువుకో", "పిల్లలంటే ఎంత శ్రద్ధో". దేవుడితో పని లేకుండానే వాడతాం. పట్టించుకోవడం, మనసు పెట్టడం, వదిలేయకపోవడం. మీకు విశ్వాసం లేదన్నారు, నమ్ముతాను. శ్రద్ధ లేదంటే మాత్రం నమ్మను. లేకపోతే ఇంత పొడుగు ఉత్తరం రాసేవారు కాదు.

విష్ణు పురాణంలో పితృకార్యం గురించి చెబుతూ ఒక మాట ఉంది. అన్నం పెట్టే శక్తి లేనివాడు ధాన్యం ఇవ్వవచ్చు. అది లేకపోతే కాసిని నువ్వులు, అదీ లేకపోతే ఆవుకు ఇంత గడ్డి. ఏమీ లేనివాడు అడవిలోకి వెళ్లి రెండు చేతులూ పైకెత్తి, "నా దగ్గర ఏమీ లేదు, నా భక్తితోనే మా పితరులు తృప్తి పొందుదురు గాక" అంటే చాలట. చేతులు ఖాళీగా ఉన్నవాడికి కూడా అందులో చోటు ఉంచారు. మీ చేతుల్లో లేనిది బియ్యం కాదు, నమ్మకం. ఆ చోటు మీకూ సరిపోతుందని నేను అనుకుంటాను. పండితులు ఒప్పుకోకపోవచ్చు. నాకు తోచింది నేను చెబుతున్నాను.

తర్పణం విడిచేటప్పుడు చివర చెప్పే శ్లోకం ఒకటుంది. మీ నాన్నగారు పంతులుగారితో పాటు పలికే ఉంటారు, అర్థం అడిగారో లేదో. తల్లి, తండ్రి, బంధువు, గోత్రం వాడు అంటూ ఎవరూ మిగలని వాళ్లు ఎవరున్నారో, వాళ్లంతా నేను వదిలే ఈ నీళ్లతో తృప్తి పొందాలి అని దాని తాత్పర్యం. దివిసీమ మనిషి నోట ఆ మాట ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. సొర్లగొంది, పాలకాయతిప్ప వైపు ఇళ్లకు ఇళ్లే పోయాయి. తద్దినం పెట్టడానికి కొడుకు లేడు, కూతురు లేదు, తిథి గుర్తుంచుకోవడానికి పక్కింటివాళ్లు లేరు. ప్రభుత్వ లెక్క పదివేల పైచిలుకు. ఆ లెక్కను దివిసీమ వాళ్లు చాలామంది ఒప్పుకోలేదు. మీ నాన్నగారు ఏటా ముగ్గురికే నీళ్లు వదులుతున్నారని మీరు అనుకుంటున్నారేమో, ఆ శ్లోకం పలికినప్పుడల్లా మీ ఊళ్లో ఎవరూ మిగలని ఇళ్లకు కూడా ఆయన వదులుతున్నారు.

ఇక తీర్పు, కర్మ. మీ ఒళ్లు మండడం న్యాయమే, నాకూ మండుతుంది. ఆరేళ్ల పిల్ల మీద ఏ తీర్పు, ఏ కర్మ? అయితే మీ బాబాయితో మాట్లాడేటప్పుడు మీ కోపంతో కాకుండా ఆయన గ్రంథంతోనే మాట్లాడండి. లూకా సువార్త 13వ అధ్యాయం తీయమనండి. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. యెరూషలేములో ఉన్న మిగతావాళ్లందరికంటే వాళ్లు ఎక్కువ పాపులనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదని తానే చెప్పాడు. యోబు గ్రంథం ఉండనే ఉంది. పిల్లలందరినీ ఒక్క రోజులో పోగొట్టుకున్న యోబు దగ్గరికి స్నేహితులు వచ్చి, నువ్వేదో తప్పు చేసి ఉంటావు అని పేజీల కొద్దీ చెబుతారు. చివర దేవుడు కోప్పడింది ప్రశ్నలు వేసిన యోబు మీద కంటే, కారణాలు చెప్పిన ఆ స్నేహితుల మీదే ఎక్కువ. మీరు వేసిన ప్రశ్నకు ఆ గ్రంథంలో గౌరవమైన చోటే ఉంది.

పెద్దవాళ్లు కూడా ఇక్కడ తడబడ్డారు. 1934 జనవరి 15న బీహారులో భూకంపం వచ్చి వేలమంది పోతే, అది అంటరానితనం అనే పాపానికి శిక్ష అన్నారు గాంధీ. ఆయన ఉద్దేశం మంచిదే, అంటరానితనం పోవాలన్నది. అయినా రవీంద్రనాథ్ టాగూరు ఊరుకోలేదు. ప్రకృతిలో జరిగినదానికి పాపపుణ్యాలు అంటగట్టడం తగదని రాశారు. గాంధీ ఆ విమర్శను తన 'హరిజన్' పత్రికలోనే వేశారు. ఇద్దరూ దేవుణ్ని నమ్మినవాళ్లే, ఒకరినొకరు ఎంతో గౌరవించుకున్నవాళ్లే. ఈ విషయంలో నేను టాగూరు వైపు. ఉప్పెన ఎందుకు వచ్చిందో చెప్పడానికి బంగాళాఖాతం, గాలి, పల్లపు నేల చాలు. అంతమంది ఎందుకు పోయారో చెప్పడానికి హెచ్చరిక అందకపోవడం, ఎక్కి నిలబడడానికి గట్టి మేడలు లేకపోవడం చాలు.

ఒక్క విషయం గమనించండి. మీ బాబాయి ఆ రోజు ఊళ్లో లేరు. ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో ఉంటాయి. అమ్మను చివరిసారి చూసింది ఏ బస్సు ఎక్కేటప్పుడో. తర్వాత హాస్టల్లో పెరిగారు. అక్కడ అన్నం పెట్టినవాళ్లే దేవుడి గురించీ చెప్పారు. తీర్పు అన్న మాట కూడా ఆయనకు పట్టుకోవడానికి దొరికిన ఒక చెట్టు కావచ్చు. అది పుచ్చిపోయిన చెట్టని నా అభిప్రాయం. అయినా పట్టుకున్న చేతులు మాత్రం చిన్నపిల్లవాడివే.

తిథి, తేదీ గొడవ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఇద్దరూ సరైనవాళ్లే. మీ నాన్నగారిది చంద్రుడి లెక్క, బాబాయిది సూర్యుడి లెక్క. మీకు తెలుసో లేదో, 19 సూర్య సంవత్సరాలు ఇంచుమించు సరిగ్గా 235 చాంద్రమాసాలు. అందుకే పందొమ్మిదేళ్లకోసారి ఆ తిథీ ఆ తేదీ ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా కలుస్తాయి. 1996లో కలిశాయి, 2015లో కలిశాయి. ఆ రెండుసార్లూ అన్నదమ్ములు ఎవరింట్లో వాళ్లు ఇంచుమించు ఒకే రోజు కూర్చుని ఒకే తల్లిని తలుచుకున్నారన్నమాట. మళ్లీ కలిసేది 2034లో. అప్పటిదాకా ఆగకండి. 2027లో తిథి నవంబరు 19 కంటే పది రోజులకు పైగా ముందే వచ్చేస్తుంది. అంటే ఆ ఏడాది రెండు రోజులు దొరుకుతాయి. తిథి రోజు బాబాయిని మీ ఇంటికి భోజనానికి పిలవండి. తద్దినం దగ్గర కూర్చోమనకండి, నైవేద్యం తినమనకండి, అది ఆయన విశ్వాసానికి ఇబ్బంది. వాళ్లమ్మ వండే కూర ఒకటి విడిగా వండి పెట్టండి. 19న మీ నాన్నగారిని బాబాయి ప్రార్థనకు తీసుకెళ్లండి. ఆయన కళ్లు మూసుకోకపోయినా ఫరవాలేదు. వెనక కుర్చీలో మీరు పక్కన కూర్చోండి. ఆ రోజు అవనిగడ్డలో ఉప్పెన స్తూపం దగ్గర ఎలాగూ పూలు పెడతారు. అక్కడ మంత్రమూ ఉండదు, ప్రార్థనా ఉండదు. అన్నదమ్ములిద్దరూ నిలబడడానికి అంతకంటే తగిన చోటు నాకు తోచడం లేదు.

కూతురు చేయవచ్చా అన్నది మీరు సూటిగా అడగలేదు గానీ, ఎవరో ఒకరు ఆ మాట అంటారు. దర్భ తీసుకుని కూతురి తరఫున చేసే పంతుళ్లు ఇప్పుడు ఉన్నారు. స్వయంపాకం, అంటే వంటకు కావలసిన బియ్యం, కూరగాయలు ఇవ్వడానికైతే ఎవరి అనుమతీ అక్కరలేదు. మీ నాన్నగారు అడిగింది మిమ్మల్ని. అది చాలు.

కానీ అమ్మా, "నా తర్వాత చేస్తావా" అన్న మాటలో ఆయన అడుగుతున్నది తంతు గురించి మాత్రమే కాదనుకుంటాను. బందరువాళ్లకు ఒక భయం ఉంటుంది. 1864 నవంబరు 1 రాత్రి మా ఊరి మీదికి ఉప్పెన వచ్చింది. సుమారు ముప్పై వేల మంది పోయారు. దివిసీమ ఉప్పెనకు ప్రభుత్వం చెప్పిన లెక్కకు దాదాపు మూడింతలు. నా క్లాసులో ఏటా అడిగేదాన్ని, ఈ తేదీ ఎవరికైనా తెలుసా అని. నలభై మంది పిల్లల్లో ఒక్క చెయ్యి కూడా లేచేది కాదు. వాళ్లలో సగం మంది ఇళ్లు ఆ నీళ్లు పారిన వీధుల్లోనే ఉన్నాయి. ఆ ముప్పై వేల మందికీ పేర్లు ఉండేవి, వాళ్లకూ ఎవరో కొన్నేళ్లు తద్దినాలు పెట్టి ఉంటారు. పెట్టేవాళ్లు పోయాక ఆ రోజు కూడా పోయింది. మీ నాన్నగారి భయం అదే.

గుర్తుంచుకోవడం చనిపోయినవాళ్ల కోసమే కాదు. 1977 తర్వాత ఆ తీరంలో తుఫాను షెల్టర్లు కట్టారు, ముందే జనాన్ని తరలించడం నేర్చుకున్నారు. 1990 మేలో దాదాపు అంతే భయంకరమైన తుఫాను కృష్ణా తీరాన్నే తాకితే, పోయినవాళ్లు సుమారు వెయ్యిమంది. వెయ్యి ప్రాణాలు చిన్న లెక్క కాదు. కానీ పదమూడేళ్ల కిందటి లెక్క పక్కన పెట్టి చూడండి. షెల్టర్‌కు పదమంటే 1990లో జనం కదిలారు, ఎందుకంటే ప్రతి ఇంట్లో ఒక ఫొటోకు దండ ఉంది. ఫొటో కూడా లేని మీలాంటి ఇళ్లలో ఒక తిథి ఉంది.

కాబట్టి కార్తీకం దాకా ఆగకుండా, దసరా సెలవుల్లోనే ఊరికి వెళ్లండి. ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కుని వెళ్లండి. ఫోన్లో రికార్డు కూడా చేయండి, గొంతు మిగులుతుంది. ఉప్పెన గురించి మొదట అడగకండి. ఆ ముందు రోజుల గురించి అడగండి. ఇల్లు ఏ దిక్కుకు ఉండేది, నాయనమ్మ ఏ కూర బాగా చేసేది, తాతయ్య కోప్పడితే ఏమని తిట్టేవాడు, చెల్లెలు ఎవరి పక్కన పడుకునేది. తర్వాత వీధి గీయించండి. ఎడమ పక్క ఇల్లు ఎవరిది, కుడి పక్క ఎవరిది, వాళ్లకు ఎంతమంది పిల్లలు. ఎవరూ మిగలని ఇళ్లను విడిగా రాసుకోండి. ఆయన ఆగితే మీరూ ఆగండి. ఉప్పెన రోజు సంగతి ఆయనంతట ఆయన చెబితే వినండి. చెప్పకపోతే వదిలేయండి. బాబాయి దగ్గరికి కూడా అదే నోట్‌బుక్ తీసుకెళ్లండి. అన్న మర్చిపోయినవి తమ్ముడికి గుర్తుండవచ్చు. హాస్టల్లో రాత్రిళ్లు ఆయనకు తలుచుకోవడానికి ఉన్నవి అవే కదా.

రెండు రోజుల్లోనూ, తిథినాడూ తేదీనాడూ, ఆ నోట్‌బుక్‌లోని పేర్లు పైకి చదవండి. మీ ఇంటి ముగ్గురితో మొదలుపెట్టి వీధి చివరి ఇంటి దాకా. మంత్రం రాకపోయినా, ప్రార్థన చేయలేకపోయినా ఈ పని మీరు చేయగలరు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం ఉండదు. మీ నాన్నగారు అడిగినదానికి "చేస్తాను నాన్నా, నాకు చేతనైనట్టు" అని చెప్పగలరు.

ఇంకొక్కటి. మీరు ఉత్తరంలో "ఆరేళ్ల మేనత్త" అని రాశారు. పేరు రాయలేదు. మీకు తెలుసో, తెలియక రాయలేదో నాకు అర్థం కాలేదు. తెలియకపోతే ఇవాళ రాత్రే నాన్నకు ఫోన్ చేసి అడగండి.